మోడల్ విమానాల టర్బైన్‌కు ఇంధనం: మన జిల్లాల్లో ఏది వాడాలి, ఎలా తెచ్చుకోవాలి?

తుంగభద్ర తీరం (కర్నూలు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంతకాలం పెట్రోలు ఇంజన్లతోనూ, విద్యుత్ మోటార్లతోనూ నడిచే మోడల్ విమానాలను ఎగరేస్తూ వచ్చిన నేను, ఇటీవల బెంగళూరులోని ఒక మిత్రుని దగ్గర 100 న్యూటన్ల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇచ్చే చిన్న టర్బైన్ ఇంజన్‌ను కొన్నాను. ఇంజన్, దాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన ఈసీయూ, పంపు అన్నీ మంచి స్థితిలోనే ఉన్నాయి. దానితో వచ్చిన పుస్తకంలో జెట్ ఏ-1 (జెట్ విమానాల ఇంధనం) గాని, శుభ్రమైన కిరోసిన్ గాని, డీజిల్ గాని వాడవచ్చనీ, ఏది వాడినా అందులో 5 శాతం టర్బైన్ ఆయిల్ (బేరింగులకు కందెన) తప్పనిసరిగా కలపాలనీ రాశారు. చదవడానికి ఇది తేలికగానే ఉంది గాని, కర్నూలులో వీటిని సంపాదించడం దగ్గరే నేను ఆగిపోయాను.

చౌకధరల దుకాణాల్లో కిరోసిన్ ఇవ్వడం ఆగిపోయి చాలా కాలమైంది. పెయింట్లు అమ్మే దుకాణాల్లో తెల్ల కిరోసిన్ అని చెప్పి సీసాల్లో ఇస్తున్నారు గాని, ఆ సీసా మీద పేరు, ఊరు ఏమీ ఉండవు. ఓర్వకల్లు విమానాశ్రయానికి వెళ్లి అడిగితే ఒక క్యాను ఏటీఎఫ్ (అంటే జెట్ ఏ-1) అమ్ముతారా అన్నది ఒక సందేహం. విమాన శిక్షణ సంస్థలో పనిచేసే పరిచయస్థుడు ఒకరు తమ దగ్గర విమానాలకు వాడే ఇంధనమే ఉందనీ, అయిదు లీటర్లు ఇప్పించగలననీ అంటున్నారు. ఇవేవీ కాకుండా హైవే మీది బంకులో డీజిల్ పట్టించుకుంటే ఇంజన్‌కు నష్టం ఉంటుందా? ఇంకొక మాట కూడా అడగాలి. మే నెలలో మా ఇంటి మిద్దె మీది గదిలో వేడి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. అక్కడ ఇరవై లీటర్ల ఇంధనం నిల్వ ఉంచడం క్షేమమేనా? అనుభవం ఉన్న పెద్దలు వివరంగా చెప్పగలరు.

చిత్రావతి (అనంతపురం) సమాధానం

నమస్కారమండీ. ముందుగా శిక్షణ సంస్థ ఇంధనం సంగతి చెబుతాను, ఎందుకంటే మీరు అడిగినవాటిలో నిజంగా ప్రమాదకరమైనది అదొక్కటే. శిక్షణకు వాడే చిన్న విమానాల్లో ఎక్కువ భాగం పిస్టన్ ఇంజన్లతో నడుస్తాయి. వాటిలో పోసేది ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్, అంటే సీసం కలిపిన ఒక రకం పెట్రోలు. విమానాశ్రయంలో దొరికేదంతా ఒకటే ఇంధనం అనుకోకూడదు. ఏటీఎఫ్, అంటే జెట్ ఏ-1, కిరోసిన్ జాతిది. ఏవ్‌గ్యాస్ పెట్రోలు జాతిది. పెట్రోలు ఆవిరి సున్నాకు ఎంతో దిగువన ఉన్న ఉష్ణోగ్రతలో కూడా నిప్పు అందుకుంటుంది. అటువంటి ఇంధనాన్ని టర్బైన్‌లో పోస్తే స్టార్ట్ చేసే సమయంలోనే మంట వెనక్కి చిమ్మే అవకాశం ఉంది. దానికి తోడు సీసం బ్లేడ్ల మీద పేరుకుంటుంది. ఆ పరిచయస్థునికి కృతజ్ఞతలు చెప్పి, ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఇక ఏటీఎఫ్ విషయం. ఓర్వకల్లులో గాని, కడపలో గాని, మరెక్కడైనా గాని, విమానాశ్రయంలో ఇంధనం చమురు కంపెనీల నుంచి నేరుగా విమానాల ట్యాంకుల్లోకి వెళ్లడానికి ఏర్పాటైనదే తప్ప, గేటు దగ్గర క్యాను పట్టుకుని నిలబడిన వ్యక్తికి చిల్లరగా అమ్మడానికి ఏర్పాటైనది కాదు. పెద్ద నగరాల్లో కొందరు క్లబ్బుల ద్వారా సంపాదిస్తారని వింటుంటాం గాని, బిల్లు లేకుండా చేతులు మారిన ఇంధనం ఎంత మంచిదైనా నేను ముట్టను. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ డబ్బాలో ఎన్నాళ్లు ఉందో చెప్పేవారు ఉండరు.

పేరు లేని సీసాలోని తెల్ల కిరోసిన్‌కు కూడా ఇదే మాట వర్తిస్తుంది. అందులో ఏ సాల్వెంట్ కలిసిందో తెలియదు. పెయింట్లు పలుచన చేయడానికి అది సరిపోవచ్చు, మీ ఇంజన్‌కు సరిపోదు. సీలు వేసిన డబ్బాలో, తయారీదారు పేరుతో, బిల్లుతో దొరికితే మాత్రం నిరభ్యంతరంగా వాడండి. ఎక్కడైనా పాత నీలి కిరోసిన్ కనిపించినా ఆశపడవద్దు. అది రేషన్ సరుకు. వంటకూ, దీపానికీ తప్ప మరో పనికి వాడకూడదని 1993 నాటి కిరోసిన్ ఉత్తర్వు స్పష్టంగా చెబుతోంది.

కాబట్టి మన ప్రాంతంలో నిలకడగా దొరికేది డీజిల్ ఒక్కటే. మీ ఇంజన్ పుస్తకంలో డీజిల్‌కు అనుమతి ఉంది గనుక మీకు దారి సుగమంగానే ఉంది. అనుమతి లేని ఇంజన్లు కూడా ఉన్నాయి, చదివేవారు ఈ విషయం గమనించాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన బంకుల్లో అమ్ముతున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పది పాళ్లకు మించదు. పాత రోజుల్లో డీజిల్ అంటే మోడలర్లు వెనకాడటానికి కారణమైన మసి, ఘాటు చాలావరకు తగ్గాయి. అయినా తేడాలు ఉన్నాయి. జెట్ ఏ-1 మొత్తం 300 డిగ్రీల సెల్సియస్ లోపు ఆవిరైపోవాలి, డీజిల్‌లో బరువైన భాగం 360 డిగ్రీల వరకూ పోతుంది. అందుకే ఇంధనాన్ని అంటించే వేడి తీగ, అంటే గ్లో ఇగ్నైటర్ మీద అది ఆలస్యంగా అంటుకుంటుంది, స్టార్ట్ చేసేటప్పుడు తెల్లని పొగ ఎక్కువ వస్తుంది, చలికాలం ఉదయాల్లో ఒకటి రెండు సార్లు మొరాయించవచ్చు కూడా. ఒకసారి వేగం అందుకున్నాక మాత్రం తేడా చెవికి తెలియదు. గ్యాసుతో స్టార్ట్ అయ్యే పాత రకం ఇంజన్లకు ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

బంకులో డీజిల్ పట్టించేటప్పుడు సాంద్రత చూపించమని అడగడం మీ హక్కు. ప్రతి బంకులోనూ ఆ రోజు సాంద్రత రాసి ఉంచాలి, హైడ్రోమీటరు, థర్మామీటరు, 15 డిగ్రీలకు మార్చుకునే పట్టిక అక్కడే ఉండాలి. డీజిల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర సాధారణంగా ఘనపు మీటరుకు 820 నుంచి 845 కిలోల మధ్య ఉంటుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.7 కిలోలు తగ్గుతుంది గనుక, మధ్యాహ్నం 38 డిగ్రీల వేడిలో కొలిచినప్పుడు అంకె పదహారు కిలోల దాకా తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి కల్తీ అని కంగారు పడకూడదు. ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి ఉంది. డీజిల్‌లో కిరోసిన్ కలిపే మోసం లారీల పంపులను పాడు చేస్తుంది గాని, మన టర్బైన్‌కు దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. మనకు శత్రువులు పెట్రోలు, నీరు, మురికి. అంతకుముందు పెట్రోలు పట్టిన క్యానును కడిగి డీజిల్‌కు వాడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు.

పాలకొండల నీడ (కడప) సమాధానం

అనంతపురం మిత్రులు ఇంధనం ఎంపిక గురించి చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను రసాయన శాస్త్రం బోధిస్తాను గనుక, వేడి గురించీ, నిల్వ గురించీ అడిగిన భాగానికి జవాబు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

టర్బైన్ ఇంధనం గురించి విదేశాల వారు రాసిన సలహాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: కిరోసిన్ మామూలు వాతావరణంలో అగ్గిపుల్ల గీసి వేసినా అంటుకోదు, కాబట్టి పెట్రోలు కన్నా ఎంతో క్షేమం. చల్లని దేశాల్లో ఆ మాట నిజమే. జెట్ ఏ-1కు ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన దేశంలో కిరోసిన్‌కూ, డీజిల్‌కూ కనీస పరిమితి 35 డిగ్రీలు. అంటే, ద్రవం ఆ ఉష్ణోగ్రతకు చేరితే దాని మీది ఆవిరి నిప్పు సోకగానే భగ్గుమనడానికి చాలినంత ఉంటుందని అర్థం. ఇప్పుడు మే నెల కర్నూలును తలచుకోండి. నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, మిద్దె మీది గదిలో, ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఇంకా ఎంతో ఎక్కువ. బంకు డీజిల్‌కు అసలు ఫ్లాష్ పాయింట్ ఈ కనీసం కన్నా ఎక్కువే ఉండవచ్చు గాని, మనం దాన్ని కొలిచి చూడలేం. కాబట్టి మన వేసవిలో టర్బైన్ ఇంధనాన్ని పెట్రోలుతో సమానమైన జాగ్రత్తతోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. మీ మిద్దె మీది గది వద్దు. కింది అంతస్తులో, గాలి ఆడే చోట, ఉత్తరపు గోడ పక్కన, వంటగదికీ ఇన్వర్టరుకూ దూరంగా పెట్టండి.

చట్టం విషయానికి వస్తే, పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం ఈ ఇంధనాలు క్లాస్ బి కిందకు వస్తాయి. ఏ పాత్రా 1,000 లీటర్లకు మించకుండా, మొత్తం 2,500 లీటర్ల లోపు ఉంటే లైసెన్సు అవసరం లేదు. మీ ఇరవై లీటర్లకు చట్టపరమైన చిక్కేమీ లేదు గాని, చట్టం అనుమతించినంత మాత్రాన పడకగది పక్కన పెట్టుకోమని కాదు. హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో రైల్లో తెచ్చుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే, దయచేసి మానుకోండి. ప్రమాదకరమైన సరుకును రైల్లో తీసుకువెళ్లడం రైల్వే చట్టం, 1989లోని 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. బస్సు విషయంలోనూ తోటి ప్రయాణికుల ప్రాణాలను మనం పణంగా పెట్టకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్థిర విద్యుత్తు. కిరోసిన్ వంటి శుభ్రమైన నూనె ప్లాస్టిక్ గొట్టంలో, సన్నని వడపోత గుండా వేగంగా పారినప్పుడు విద్యుదావేశం పుడుతుంది, గాలి పొడిగా ఉన్నప్పుడు అది చుట్టూ ఉన్న వస్తువుల మీద నుంచి కూడా తొందరగా విడిపోదు. జెట్ ఏ-1లో ఈ కారణంగానే రిఫైనరీ వైపు నుంచి విద్యుత్ వాహకతను పెంచే పదార్థాన్ని కలుపుతారు. సీసా కిరోసిన్‌లో అది ఉంటుందన్న భరోసా లేదు. మార్చి నుంచి జూన్ దాకా అనంతపురం గాలి ఎంత పొడిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. విమానంలో ఇంధనం నింపే ముందు క్యానును నేల మీద పెట్టండి, కారులో ఉంచి నింపవద్దు. చేత్తో తిప్పే పంపునో, నెమ్మదిగా నడిచే పంపునో వాడండి. నింపేటప్పుడు ఈసీయూ, రిసీవరు స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. స్థిర విద్యుత్తు వల్ల నిప్పు పుట్టకపోయినా ఎలక్ట్రానిక్స్ దెబ్బతినే అవకాశం ఉంది.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. శిక్షణ సంస్థ మిత్రునికి వద్దని చెప్పేశాను. డీజిల్‌కే నిశ్చయించుకున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. టర్బైన్ ఆయిల్ బదులు మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలపవచ్చా? ఇక్కడ బైకు విడిభాగాల దుకాణాల్లో అది సులభంగా దొరుకుతుంది. రెండవది, బంకు డీజిల్‌ను నేరుగా పోయవచ్చా, లేక వడగట్టాలా?

హంద్రీ పంపులు (ఆదోని) సమాధానం

వడగట్టడం గురించి నేను చెబుతాను. నాకు మోడల్ విమానాల అనుభవం తక్కువ గాని, ట్రాక్టర్ల, లారీల డీజిల్ పంపులను విప్పి బాగుచేయడం నా వృత్తి. మా దగ్గరకు వచ్చే పంపుల్లో పాడైన భాగాన్ని చూడగానే దానికి కారణం నీరా, దుమ్మా అన్నది తెలిసిపోతుంది. డీజిల్ తప్పు చాలా తక్కువ, డబ్బా తప్పే ఎక్కువ.

డీజిల్‌ను ఇంటికి తెచ్చిన తర్వాత కనీసం ఒక రాత్రి కదిలించకుండా ఉంచండి. నీరు, నలక అడుగుకు చేరతాయి. పైనుంచి గొట్టంతో తీసుకోండి, అడుగున ఉన్న ఒక అర లీటరును వదిలేయండి. ఆ మిగిలినదాన్ని ట్రాక్టరుకూ పోయవద్దు, నేల మీద పారబోయనూ వద్దు, గ్యారేజీలో పాత ఇంజనాయిలు సేకరించే డ్రమ్ములో కలిపేయండి. డబ్బా ఎప్పుడూ సగం ఖాళీగా ఉంచకూడదు. పగటి వేడికీ, రాత్రి చల్లదనానికీ మధ్య ఆ ఖాళీలోని గాలి లోపలి గోడలకు చెమ్మ పట్టిస్తుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఇప్పటి డీజిల్‌లో కొంత బయోడీజిల్ కలిసి ఉండవచ్చు. అది నీటిని ఇంకా ఎక్కువగా పట్టుకుంటుంది, నెలల తరబడి నిల్వ ఉంటే అడుగున జిగురులాంటి మడ్డి కడుతుంది. అందువల్ల ఒకేసారి ఎక్కువ కొని దాచుకోవద్దు. బంకు మీ ఊళ్లోనే ఉంది, అవసరమైనప్పుడు తెచ్చుకోండి.

డబ్బా ఎంపికలో ఒక జాగ్రత్త. మన ఊళ్లలో నీళ్లకు వాడే జింకు పూత ఉన్న రేకు డబ్బాలు వద్దు. జింకు, రాగి రెండూ ఈ నూనెలతో చర్య జరిపి మడ్డిని పుట్టిస్తాయి. ఇంధనం కోసమే తయారైన ఇనుప జెరికాను గాని, మందపాటి ప్లాస్టిక్ క్యాను గాని కొనండి. కొన్ని బంకుల్లో ప్లాస్టిక్ సీసాల్లో, మామూలు డబ్బాల్లో పోయరు. ఇనుప జెరికాను తీసుకెళితే, ఎందుకో చెబితే, ఇబ్బంది ఉండదు. దాని మీద పెయింటుతో ‘టర్బైన్ – ఆయిల్ కలిపినది’ అని రాసి ఉంచండి. ఇంట్లో వారెవరైనా పొరపాటున జనరేటరులో పోయకుండా ఉంటుంది.

వడపోతకు, నీటిని అడ్డుకునే తెరతో వచ్చే గరాట్లు ఉన్నాయి. అవి దొరకకపోతే డీజిల్ ట్రాక్టర్లకు వాడే వాటర్ సెపరేటర్ ఫిల్టరును ఒక స్టాండుకు బిగించి దాని గుండా పంపండి. మీ విమానంలో పంపుకు ముందూ, ఇంజన్‌కు ముందూ ఉండే చిన్న ఫిల్టర్లు చివరి కాపలా మాత్రమే. మొదటి కాపలా ఇంట్లోనే ఉండాలి.

చిత్రావతి (అనంతపురం)

ఆదోని మిత్రులు చెప్పిన ప్రతి మాటా మీ డైరీలో రాసి పెట్టుకోదగినది. ఆయిల్ విషయానికి నేను వస్తాను.

టూ-స్ట్రోక్ ఆయిల్‌ను అనుమతించే తయారీదారులు కొందరు ఉన్నారు, వారి ఇంజన్లలో అది నడుస్తుంది కూడా. మీ పుస్తకం టర్బైన్ ఆయిల్ అని స్పష్టంగా చెప్పింది గనుక మీరు దానికే కట్టుబడాలని నేను కోరుతున్నాను. కారణం చెబుతాను. పెద్ద విమానాల్లో బేరింగులకు ఆయిల్ వేరే ట్యాంకు నుంచి వస్తుంది. మన చిన్న ఇంజన్లలో అటువంటి ఏర్పాటు లేదు. కొంత ఇంధనాన్నే చీల్చి బేరింగుల మీదకు పంపుతారు, అందులో కలిసిన ఆయిలే వాటికి ఆధారం. మీ తరగతి ఇంజన్‌లో షాఫ్టు నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. ఆపిన తర్వాత టర్బైన్ చక్రం నుంచి వేడి వెనుక బేరింగు మీదకు పాకుతుంది. ఆ సమయంలో మాడి గట్టిపడకుండా ఉండే గుణం విమానాల కోసం తయారైన సింథటిక్ ఎస్టర్ ఆయిళ్లకు ఉంది. మొబిల్ జెట్ ఆయిల్ 2, ఏరోషెల్ టర్బైన్ ఆయిల్ 500 వంటివి ఈ కోవలోవే. ఆపిన వెంటనే బ్యాటరీ తీసేయకుండా, ఈసీయూ స్టార్టర్ మోటారుతో ఇంజన్‌ను చల్లార్చే దాకా ఆగడం కూడా ఈ కారణంగానే ముఖ్యం. మన ఎండల్లో ఆ చల్లార్పుకు ఎక్కువ సమయం పడుతుంది.

మొబిల్ డబ్బా సాధారణంగా 946 మిల్లీలీటర్లది. 19 లీటర్ల డీజిల్‌కు ఒక డబ్బా మొత్తం పోస్తే 5 శాతం దాదాపు సరిగ్గా సరిపోతుంది, కొలతపాత్ర కూడా అక్కరలేదు. ఖరీదు ఎక్కువే, కాదనను. కానీ బేరింగులు మార్చడానికి ఇంజన్‌ను సర్వీసుకు పంపే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో మోడల్ సామగ్రి అమ్మేవారి దగ్గర గాని, విమాన లూబ్రికెంట్ల పంపిణీదారుల దగ్గర గాని బిల్లుతో కొనండి, సీలు విప్పి ఉన్న డబ్బాను తీసుకోవద్దు. ఈ ఆయిళ్లలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే విష పదార్థం కొద్దిగా ఉంటుంది. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి, చర్మం మీద పడితే సబ్బుతో కడుక్కోండి. ఇంజన్ వెనుక వచ్చే పొగను పీల్చేలా నిలబడవద్దు.

ఎంత ఇంధనం కావాలన్న లెక్క కూడా చెప్పాలి. ఈ తరగతి ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి 300 నుంచి 400 మిల్లీలీటర్లు తాగుతుంది. ఏడెనిమిది నిమిషాల ఎగురుడుకు, థ్రాటిల్ తగ్గించే సమయాన్ని కలుపుకుంటే, రెండు లీటర్ల పైచిలుకు సరిపోతుంది. స్టార్ట్‌కూ, నేల మీద నడపడానికీ (ట్యాక్సీ), దిగేటప్పుడు ఒకసారి మళ్లీ చుట్టి రావలసి వస్తే అందుకూ అర లీటరు అదనంగా ఉంచుకోండి. ఆ లెక్కన ఇరవై లీటర్లు ఒక ఆదివారానికి ధారాళంగా సరిపోతాయి. కిరోసిన్ నుంచి డీజిల్‌కు మారాక ఈసీయూలో స్టార్ట్ పంపు వోల్టేజీని పుస్తకం చెప్పిన పద్ధతిలో మళ్లీ సరిచూసుకోవాలి, నేల మీద రెండు మూడు పూర్తి రన్‌లు చేసి ఈజీటీ (ఇంజన్ వెనుక వచ్చే వాయువుల ఉష్ణోగ్రత) అంకెలను రాసుకోవాలి. వేసవి మధ్యాహ్నం గాలి పలుచబడటం వల్ల అదే థ్రాటిల్‌కు ఈజీటీ కొంచెం ఎక్కువ, థ్రస్ట్ కొంచెం తక్కువ కనిపిస్తాయి. దాన్ని ఇంధనం దోషంగా పొరబడవద్దు. వీలైతే ఉదయం తొమ్మిదిలోపే ఎగరేసుకోండి. కడప గురువుగారు చెప్పిన ఫ్లాష్ పాయింట్ భయం కూడా ఆ వేళకు తక్కువ.

చివరగా, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేకుండా మొదటి స్టార్ట్ కూడా చేయవద్దు. పొడి (పౌడరు) చల్లే సిలిండరు మంటను ఆర్పుతుంది గాని ఆ పొడి ఇంజన్ లోపలకు పోతే బేరింగులు పనికిరావు. అయితే విమానం దూరంగా కూలి ఎండిన శెనగ చేనులోనో, బోద గడ్డిలోనో మంట అంటుకుంటే మాత్రం పొడి సిలిండరూ, నీళ్ల క్యాన్లూ, తడిపిన గోనె సంచులే పనికొస్తాయి. కాబట్టి అన్నిటినీ బండిలో పెట్టుకుని వెళ్లండి, రైతు అనుమతి ముందే తీసుకోండి, ఎగరేసే దారి కోత అయిన పొలాల మీదుగా ఉండేలా మార్చుకోండి.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఇనుప జెరికాను, వాటర్ సెపరేటరు, టర్బైన్ ఆయిల్ మూడింటికీ ఈ వారమే ఏర్పాటు చేసుకుంటాను. నేల మీది రన్‌లు పూర్తయ్యాక ఈజీటీ అంకెలు ఇక్కడ రాస్తాను, వాటిని చూసి మీ అభిప్రాయం చెప్పవలసిందిగా అనంతపురం మిత్రులను కోరుతున్నాను.